ఆదివారం వచ్చే డాక్టరమ్మ: శ్రీకాకుళంలో ఒక స్కానింగ్ సెంటరు

కడుపులో బిడ్డకి ఏదో లోపం ఉందని స్కాను రిపోర్టు చేతికొచ్చాక, ఎవరి దగ్గరికి పరిగెత్తాలో తెలియక ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేమూ మూడు రోజులు అలాగే కూర్చున్నాం. ఆ తర్వాత వెళ్ళింది శ్రీకాకుళంలోని ఈ స్కానింగ్ సెంటరుకి. వారమంతా ఇక్కడ మామూలు స్కాన్లు తీస్తారు. ఆదివారం మాత్రం విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ వస్తారు. ఆవిడ ఫీటల్ మెడిసిన్ డాక్టరు. అంటే కడుపులో ఉన్న బిడ్డని కూడా ఒక పేషెంటుగా చూసే డాక్టరు. నేను చెప్పేదంతా ఆ ఆదివారాల గురించే.

నేను నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై మూడేళ్ళ సర్వీసు. గర్భిణుల పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా లేదా అని ఇంటింటికీ వెళ్ళి అడగడం, ప్రతి నెలా 9వ తేదీన పీహెచ్‌సీలో పరీక్షలకి పంపడం, ఇదీ నా పని. "అయిదో నెల వచ్చింది, టిఫా స్కాను తీయించుకో" అని ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. టిఫా అంటే బిడ్డ అవయవాల్లో లోపాలు ఉన్నాయేమో చూసే స్కాను. ఆ స్కానులో ఏం చూస్తారో, ఏదైనా కనబడితే ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు నిజంగా తెలిసింది మాత్రం మా ఇంటికి వచ్చాకే.

మా అమ్మాయిని మా అన్నయ్య కొడుక్కే ఇచ్చాం. అబ్బాయి నరసన్నపేటలో బట్టల షాపులో పని చేస్తాడు. మొదటి కాన్పు కాబట్టి అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. 2024 జనవరి 4, గురువారం నాడు మా వదిన తోడు వెళ్ళి దగ్గర్లోని ఒక చిన్న సెంటరులో స్కాను తీయించింది. నేను పక్కన లేను. అప్పుడు మా అంగన్‌వాడీల సమ్మె నడుస్తోంది. డిసెంబరు 12 నుంచి పగలంతా శిబిరంలోనే ఉంటున్నాం. ఫోన్ అక్కడికే వచ్చింది.

"అమ్మా, బిడ్డ గుండె కుడిపక్కకి ఉందంట. ఇలాంటివి బతకవు, పండగలోపు తీయించేసుకోండి అన్నారు" అంది.

అంతే. గుండె ఎందుకు కుడిపక్కకి ఉంది, తేడా అదొక్కటేనా, ఇంకెవరికైనా చూపించాలా, ఏమీ చెప్పలేదు. రిపోర్టు కవరులో పెట్టి ఇచ్చి తర్వాతి పేరు పిలిచారట. ఆ సెంటరు పేరు రాయను. లోపం ఏమిటో పూర్తిగా పట్టుకోలేకపోవడం తప్పు అని కూడా అనను. గుండె జరిగి ఉందని వాళ్ళు కనిపెట్టబట్టే మేం ముందుకి వెళ్ళగలిగాం. కానీ అయిదో నెల గర్భిణికి, పొట్ట మీద జెల్ తుడుచుకోకముందే చెప్పే మాట కాదు అది.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరి తప్పు అన్నదే మాట. "అక్టోబరులో గ్రహణం రాత్రి లేచి బయటికి ఎల్నాది, నేను వద్దంటే ఇన్నేదు" అని మా వదిన. మేనరికం చేసుకున్నాం కాబట్టే ఇలా అయ్యిందని మా అన్నయ్య. నా కూతురు ఏమీ అనలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. నాకు నేను వేసుకున్న నింద వేరు. ఊరందరి పిల్లలకీ మాత్రలు ఇప్పించినదాన్ని, నా పిల్లకి ఏం తక్కువ చేశాను అని. చివరికి మా ఏఎన్ఎం అమ్మాయి, అంటే మా ఊరి ఆరోగ్య కార్యకర్త, రిపోర్టు చూసి, "తీయించడం మాట తర్వాత, ముందు ఆదివారం శ్రీకాకుళం తీసుకెళ్ళండి మేడమ్" అని ఈ సెంటరు పేరు చెప్పింది.

జనవరి 7, ఆదివారం. సంక్రాంతికి ముందు ఆదివారం బట్టల షాపులో సెలవు అడగడం అంటే ఉద్యోగం వదులుకోవడమే. అయినా మా అల్లుడు వచ్చాడు. అమ్మాయి, అల్లుడు, నేను, వదిన, నలుగురం బయల్దేరాం.

ముందు బాగోలేనివి చెప్పేస్తాను. సెంటరు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఆదివారం నలభై మంది గర్భిణులు వస్తే కుర్చీలు పద్నాలుగు. మగవాళ్ళు కూర్చుని ఉంటే ఏడో నెల ఆడపిల్లలు గోడకి ఆనుకుని నిలబడ్డారు, లేపి కూర్చోబెట్టాల్సింది నేనే. బాత్రూము ఒక్కటే. మాకు టోకెను ఎనిమిదింటికి ఇస్తే లోపలికి వెళ్ళింది పన్నెండున్నరకి. వీటన్నిటికన్నా నన్ను బాధ పెట్టింది ఇంకొకటి. కౌంటరులో ఉన్న అమ్మాయి అందరి ముందూ "ఎనామలీ కేసు ఎవరండీ?" అని గట్టిగా అరిచింది. ఎనామలీ అంటే లోపం. హాల్లో ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు. మా అమ్మాయి చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది. పక్కన కూర్చున్నావిడ కాస్త అవతలికి జరిగింది కూడా.

లోపలికి వెళ్ళాక మాత్రం వేరే లోకం.

డాక్టరమ్మ ముందు పాత రిపోర్టు అడగలేదు. "ఏం చెప్పారమ్మా నీకు?" అని మా అమ్మాయిని అడిగారు. అమ్మాయి చెప్పింది. మొత్తం విన్నారు. "సరే, ఇప్పుడు నేను చూస్తాను. చూసేటప్పుడు మాట్లాడను, మాట్లాడకపోతే ఏదో ఘోరం కనబడిందని అనుకోకు, లెక్కలు కొలుస్తున్నానని అనుకో. అయ్యాక అంతా చెప్తాను" అన్నారు. ఈ ఒక్క మాట చాలామంది డాక్టర్లు చెప్పరు. స్కాను గదిలో ఆ నిశ్శబ్దమే మనిషిని సగం చంపేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక ఫారం మీద సంతకం పెట్టించారు. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని రాసి ఉంటుంది అందులో. అయినా మా వదిన ఉండబట్టలేక, "ఏ బిడ్డో ఒక్క ముక్క చెప్పండమ్మా" అంది. డాక్టరమ్మ యంత్రం మీంచి చెయ్యి తీసేసి, "1994 నుంచి చట్టం ఉందమ్మా. అడగడం కూడా తప్పే. ఈ గదిలో ఆ మాట మళ్ళీ రాకూడదు" అన్నారు. కోప్పడలేదు, కానీ వదిన మళ్ళీ నోరెత్తలేదు.

స్కాను యాభై నిమిషాలు పట్టింది. అయ్యాక తెర మా వైపు తిప్పి చూపించారు. "ఇదీ గుండె. చూడండి, నాలుగు గదులూ ఉన్నాయి, కొట్టుకోవడం బాగుంది. దీని పక్కనే ఈ నల్లటి బుడగ ఉంది చూశారా? ఇది బిడ్డ పొట్టలో ఉండాల్సిన సంచి, అన్నకోశం. ఇది గుండె పక్కన ఉండకూడదు. గుండె తప్పుచోట పుట్టలేదు, పొట్టలోవి పైకెక్కి దాన్ని కుడిపక్కకి నెట్టేశాయి."

తర్వాత తెల్ల కాగితం తీసి బొమ్మ వేశారు. పొట్టకీ ఛాతీకీ మధ్య గొడుగులాంటి ఒక పొర ఉంటుంది, డయాఫ్రం అంటారు. కడుపు మొదటి నెలల్లోనే ఆ పొర పూర్తిగా మూసుకోవాలి. కొందరు పిల్లల్లో ఒకచోట మూసుకోకుండా రంధ్రం ఉండిపోతుంది. ఎక్కువగా ఎడమవైపే. అందులోంచి పేగులు ఛాతీలోకి వెళ్ళి, ఊపిరితిత్తులు పెరగాల్సిన చోటు ఆక్రమిస్తాయి. సుమారు మూడు వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. "రంధ్రం సమస్య కాదు, దాన్ని పుట్టాక కుట్టేయొచ్చు. ఊపిరితిత్తులు ఎంత పెరిగాయి అన్నదే అసలు ప్రశ్న" అన్నారు. ఆ వాక్యం నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. మా మీటింగుల అలవాటు వల్ల నేను నోటు పుస్తకం తీసుకెళ్ళాను, అదే మమ్మల్ని కాపాడింది.

ఊపిరితిత్తి ఎంత ఉందో కొలిచే లెక్క ఒకటి ఉందట. ఆ వయసు బిడ్డకి ఉండాల్సిన దాంట్లో నూటికి ఎంత ఉందో చెప్తారు. 25 కన్నా తక్కువైతే చాలా కష్టం. మా బిడ్డకి 41 వచ్చింది. కాలేయం పైకి ఎక్కలేదు, అది మంచి గుర్తు. "తేలిక కాదు, అలాగని ఆశ వదులుకునేదీ కాదు. మధ్యలో ఉంది" అన్నారు. బతుకుతుందని మాట ఇవ్వలేదు. బతకదని కూడా అనలేదు. మా అల్లుడు మళ్ళీ మళ్ళీ అడిగితే, "ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది బయటపడతారు, కానీ అందరూ కాదు. నేను అబద్ధం చెప్తే ఇవాళ నీకు బాగుంటుంది, రేపు నన్ను నమ్మవు" అన్నారు.

కడుపులో ఉండగానే ఏదైనా చేయొచ్చా అని అడిగాను. ఉందన్నారు. 27 నుంచి 29 వారాల మధ్య బిడ్డ శ్వాసనాళంలో చిన్న బెలూన్ పెట్టి, 34 వారాలప్పుడు తీస్తారట. ఊపిరితిత్తుల్లో తయారయ్యే నీరు బయటికి పోకుండా ఆగి, అవి సాగుతాయట. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో, బాగా తీవ్రంగా ఉన్న పిల్లల్లో మామూలుగా నూటికి 15 మంది బతికి ఇంటికి వెళ్తే, బెలూన్ పెట్టినవాళ్ళలో 40 మంది వెళ్ళారట. కానీ అంత తీవ్రంగా లేనివాళ్ళకి లాభం స్పష్టంగా తేలలేదు, పైగా నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది, అందుకని మీకు చెప్పను అన్నారు. పెద్ద ఖర్చుతో కూడిన దాన్ని వద్దని ఆవిడే చెప్పడం నాకు నమ్మకం కలిగించింది.

అప్పుడు మా అల్లుడు తలదించుకునే అడిగాడు, "మేనరికం వల్లేనా మేడమ్?" అని. దగ్గరి సంబంధాల్లో మొత్తం మీద లోపాల అవకాశం దాదాపు రెట్టింపవుతుంది, అది నిజం, మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకి చెప్పండి అన్నారు. కానీ ఈ లోపం చాలావరకు ఎవరి కుటుంబంలోనైనా కారణం లేకుండానే వస్తుంది, ఇది మీ వల్లే అని చెప్పడానికి ఏ ఆధారం లేదు అన్నారు. గ్రహణం సంగతి వదినే ఎత్తింది. "గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. ఆ మాట ఇంట్లో ఇంకెవరూ ఈ పిల్లతో అనకూడదు. మీరు పెద్దవారు, మీరే ఆపాలి" అని వదిన చేతులు పట్టుకుని చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ మాట నిజంగా ఆగిపోయింది. నేను నెల రోజులు చెప్పినా ఆగేది కాదు.

ఆ తర్వాత మమ్మల్నందరినీ బయటికి పంపి మా అమ్మాయితో ఒక్కదానితో మాట్లాడారు. అప్పుడు నాకు కష్టంగానే అనిపించింది, కన్నతల్లిని కదా. తర్వాత అమ్మాయి చెప్పింది. ఉంచుకోవడం, ఉంచుకోకపోవడం రెండూ తన హక్కేనని, సంతకం కావాల్సింది తనదొక్కదానిదేనని, భర్తది గానీ అత్తది గానీ అక్కర్లేదని చెప్పారట. 2021లో మారిన చట్టం ప్రకారం ఇలాంటి లోపాలకి 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. ఆ పైన తీవ్రమైన లోపం అయితే మెడికల్ బోర్డు చూసి నిర్ణయిస్తుంది. మేం అప్పటికి 21 వారాలు దాటాం. "పండగలోపు అని తొందర పడాల్సిన పని లేదు. ఆలోచించుకో. ఏది చెప్పినా నేను నీ పక్కనే ఉంటాను" అన్నారట.

మా అమ్మాయి బయటికి వచ్చి, "ఉమ్మనీరు పరీక్ష చేయించుకుంటానమ్మా. అది బాగుంటే ఉంచుకుంటాను" అంది. ఫోన్ వచ్చినప్పటి నుంచి అది తన సొంతంగా అన్న మొదటి మాట.

ఉమ్మనీరు పరీక్ష ఎందుకంటే, ఈ రంధ్రంతో పాటు క్రోమోజోముల తేడా కూడా ఉంటే బిడ్డ సంగతి పూర్తిగా మారిపోతుంది. సూదితో తీస్తారు, దానివల్ల గర్భం పోయే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. తప్పనిసరి కాదు, ఫలితం తెలిస్తే మీ నిర్ణయం మారుతుందనుకుంటేనే చేయించుకోండి అన్నారు. ల్యాబు ఖర్చుతో కలిపి మాకు 24,000 అయ్యింది. నా జీతం అప్పట్లో 11,500, అదీ సమ్మెలో ఉన్నాం. నా గాజు ఒకటి తాకట్టు పెట్టాం. ఇది ఖరీదైనదే, దాచాల్సిన పని లేదు. కానీ స్కానుకి ఎంత, పరీక్షకి ఎంత, తర్వాత వచ్చినప్పుడల్లా ఎంత అన్నది ముందే కాగితం మీద రాసి ఇచ్చారు. దానికి మించి ఒక్క రూపాయి అడగలేదు.

మొదటి ఫలితం పండగ మర్నాడే, కనుమ రోజు ఫోనులో చెప్పారు. పూర్తి రిపోర్టు 24 వారాలు నిండడానికి రెండు రోజుల ముందు వచ్చింది. తేడా ఏమీ లేదు. ఇక్కడ ఒక్క మాట. మేం టిఫా స్కానుకి ఇరవై వారాలు దాటాక వెళ్ళాం కాబట్టే అంత టెన్షన్ పడ్డాం. 18, 19 వారాల్లో వెళ్ళి ఉంటే ఆలోచించుకోవడానికి ఇంకో రెండు వారాలు దొరికేవి. ఇప్పుడు మా అంగన్‌వాడీ సెంటరులో ప్రతి గర్భిణి పేరు పక్కన నేను నెల కాదు, వారాలు రాస్తున్నాను.

ఆ తర్వాత గుండె స్కాను ఒకటి, 28, 32, 36 వారాలకి ఒక్కో స్కాను. ప్రతిసారీ అదే లెక్క కొలిచి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసేవారు. రెండోసారి వెళ్ళేసరికి కౌంటరులో పేర్లూ జబ్బులూ పిలవడం మానేసి టోకెను నంబరు పిలుస్తున్నారు. మొదటిరోజు బయటికి వచ్చేటప్పుడు ఆ అరుపు గురించి నేను డాక్టరమ్మతో చెప్పాను. విని తలూపారు, అంతే. చేసి చూపించారు. కుర్చీలు మాత్రం ఇప్పటికీ పద్నాలుగే.

రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఉండటం ఇంకో లోటు. నోటితో తెలుగులో అంత బాగా చెప్పే డాక్టరమ్మ, కాగితం మీద ఒక్క పేజీ తెలుగులో ఇస్తే ఎంతమందికి ఉపయోగమో. మా బొమ్మ కాగితం మీద నాలుగు మాటలు తెలుగులో రాయించుకున్నాను, అడిగితే రాస్తారు. అడగని వాళ్ళ సంగతేమిటి?

36 వారాలప్పుడు ఇచ్చిన కాగితం గురించి తప్పకుండా చెప్పాలి. ఈ సెంటరుకి నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే. కాన్పు ఎక్కడ జరగాలో అందులో రాశారు. పిల్లల సర్జను, వెంటిలేటరు, ఊపిరితిత్తుల రక్తపోటుకి వాడే నైట్రిక్ ఆక్సైడ్ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టాక అంబులెన్సులో తీసుకెళ్దాం అనుకోకూడదు, కడుపులో ఉండగానే తీసుకెళ్ళాలి. మా ఊరి నుంచి విశాఖ నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే. 37 వారాలు నిండగానే వెళ్ళి అక్కడే గది తీసుకుని ఉండమన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, మామూలు కాన్పే ప్రయత్నించవచ్చు అని కూడా రాశారు. ఇంత పెద్ద జబ్బుకి మామూలు కాన్పా అని మేం ఆశ్చర్యపోయాం.

ఆ కింద ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో ఇంకొకటి రాశారు. పుట్టగానే బిడ్డ ఏడవకపోతే ముఖానికి మాస్కు పెట్టి సంచితో గాలి కొట్టకూడదు. ఆ గాలి పొట్టలోకీ పేగుల్లోకీ వెళ్ళి ఉబ్బి, ఛాతీలో ఊపిరితిత్తుల్ని ఇంకా నొక్కేస్తుంది. నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి, పొట్టలోకి ఇంకో గొట్టం వేసి గాలి లాగేయాలి. "దారిలో నొప్పులొచ్చి ఏ ఆసుపత్రిలో కాన్పయినా ఈ కాగితం ముందు చూపించండి" అని రెండు కాపీలు ఇచ్చారు. ఒకటి నా సంచిలో, ఒకటి మా అల్లుడి చొక్కా జేబులో. ఆ జేబులో కాగితం చెమటకి తడిసిపోతోందని ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. రాత్రి పడుకునేటప్పుడు కూడా తలగడ కింద పెట్టుకునేవాడు.

2024 మే 6, సోమవారం, విశాఖలో బిడ్డ పుట్టింది. మామూలు కాన్పే. ఆడపిల్ల, 2 కిలోల 700 గ్రాములు. ఏడుపు వినలేదు మేం. కాగితంలో రాసినట్టే అక్కడ పిల్లల డాక్టర్లు సిద్ధంగా నిలబడి ఉన్నారు, గొట్టం వేసి తీసుకెళ్ళిపోయారు. నాలుగు రోజులు ఒంట్లో పరిస్థితి కుదుటపడే దాకా ఆగి, 10వ తేదీన ఆపరేషన్ చేశారు. వెంటనే ఎందుకు చేయట్లేదని మా బంధువులు గొడవ పడ్డారు గానీ మాకు ముందే తెలుసు. రంధ్రం కంగారు కాదు, ఊపిరి నిలబడటం ముఖ్యం అని డాక్టరమ్మ జనవరిలోనే చెప్పి ఉన్నారు. 13న పోలింగు. ఊరంతా ఓట్లకి వెళ్ళింది, మా ఇంట్లో ఎవరూ వెళ్ళలేదు. ఆరోజు మధ్యాహ్నం మా అమ్మాయి పిండిన పాలు, సిరంజిలో అయిదు మిల్లీలీటర్లు, గొట్టం ద్వారా బిడ్డకి మొదటిసారి పట్టారు.

ఇంటికి వచ్చింది జూన్ 8న. ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ కార్డు పనిచేసింది. గది అద్దె, తిండి, మందులు మా చేతివి. ఇంటికి వచ్చాక కూడా తేలిగ్గా ఏమీ లేదు. పాలు తాగితే కక్కేది, గంటసేపు నిటారుగా ఎత్తుకునే ఉండాలి. ఈ పిల్లలకి అది మామూలేనట. వినికిడి పరీక్ష, గుండె పరీక్ష చేయిస్తూనే ఉండాలన్నారు, చేయిస్తున్నాం. డిసెంబరులో ఏడు నెలలు నిండాయి. మా అంగన్‌వాడీ సెంటరు రిజిస్టరులో మనవరాలి పేరు నేనే రాసి, బాలామృతం ప్యాకెట్టు తీసుకున్నట్టు సంతకం మా అమ్మాయితో పెట్టించాను. ఆ సంతకం పెట్టేటప్పుడు ఇద్దరం ఏడ్చాం.

ఇంకో కుటుంబం గురించి కూడా రాయాలి. మేం రెండోసారి వెళ్ళినప్పుడు హాల్లో మా పక్కన ఒక జంట కూర్చున్నారు. వాళ్ళ బిడ్డకి తలపై ఎముక, మెదడు ఏర్పడలేదు. అలాంటి బిడ్డ బతకదు. వాళ్ళు గర్భం తీయించుకోవాలని నిర్ణయించుకున్నారు. లోపల వాళ్ళకి కూడా మాకు ఇచ్చినంత సమయమే ఇచ్చారు, బయట ఎంతమంది ఉన్నా. ఆ అమ్మాయి తర్వాత నాతో చెప్పింది. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే మూడు నెలల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకోమన్నారట.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. బిడ్డలో మెదడు, వెన్నుపాముగా మారే గొట్టంలాంటి భాగం ఒకటి కడుపు పడిన 28 రోజులకే మూసుకుంటుందట. అప్పటికి చాలామంది ఆడపిల్లలకి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. మేం పేరు రాసుకుని మాత్రలు ఇప్పించేది రెండో నెలలోనో మూడో నెలలోనో. అంటే ఆ ఒక్క లోపం విషయంలో ఇన్నేళ్ళూ నేను ఆలస్యంగానే వెళ్ళాను. ఇప్పుడు పెళ్ళయి ఊళ్ళోకి వచ్చిన ప్రతి కోడలి ఇంటికీ వెళ్తున్నాను. అంతకుముందు బిడ్డకి ఇలాంటి లోపం రాని మామూలు అమ్మాయిలకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు, బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే మొదలుపెట్టమని చెప్తున్నాను. అత్తలు ముఖం చిట్లిస్తారు, "అప్పుడే మాత్రలేటి?" అంటారు. అయినా చెప్తున్నాను.

మొత్తం మీద ఈ సెంటరుకి అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ మెట్లకీ, కుర్చీలకీ, ఇంగ్లీషు రిపోర్టుకీ. మిగతా రోజుల్లో అనుమానం వస్తే అడగడానికి ఒక నర్సమ్మ ఫోన్ ఎత్తుతారు. అన్నిటికీ జవాబు చెప్పలేరు, కానీ రాసుకుని సాయంత్రానికి డాక్టరమ్మని అడిగి చెప్తారు. ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

వెళ్ళేవాళ్ళకి చెప్పేది ఏమిటంటే, ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్ళే జనం ఎక్కువ, బస్సు కాంప్లెక్సు దగ్గర ఆటోలు దొరకవు, కాబట్టి ఏడింటికల్లా శ్రీకాకుళంలో దిగండి. ఏదైనా తినే వెళ్ళండి, ఖాళీ కడుపు అక్కర్లేదు. పాత స్కాను రిపోర్టులు, రక్త పరీక్షలు, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానుతో సహా అన్నీ పట్టుకెళ్ళండి, వారాల లెక్క దాన్నిబట్టే కడతారు. మందులు ఏవైనా వాడి ఉంటే ఆ చీటీలు కూడా. తోడు ఎంతమంది వెళ్ళినా సరే, అందులో నోటు పుస్తకం పట్టుకుని రాసుకునే మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి. ఆ గదిలో చెప్పేవి చాలా ఉంటాయి, ఆ సమయంలో తల్లి చెవికి ఒక్కటీ ఎక్కదు.